అక్షరానికి పది పైసలు

“చెవి దగ్గర పెట్టుకుని వినండి బాబుగారూ. ఏమైనా వినపడుతోందా?”

నల్ల కళ్ళద్దాల పెద్దమనిషి గోడ గడియారాన్ని ఎత్తి చెవికి ఆనించుకున్నాడు. లేదన్నట్టు తల ఊపాడు.

“వినపడదండి. ఉప్పెన గడప దాటి లోపలికొచ్చిన నిమిషానికి ఆగిపోయింది. ముళ్ళు చూడండి, ఏడూ పది. దీని యజమాని ఈ లోకంలో చూసిన ఆఖరి టైము అదే.”

ఆయన మొహం పాలిపోయింది. కారులో కూర్చున్న ఆయన భార్య కిటికీలోంచి తల బయట పెట్టి, “అలాంటిది మనింట్లో ఎందుకండీ?” అంది. ఆయన వినిపించుకోలేదు.

“ఎంత?”

“నలభై.”

“ఆగిపోయినదానికి నలభయ్యా?”

“నడిచేదైతే ఇరవైకే ఇద్దునండి. నడిచేవి గుంటూరులో ఏ కొట్లోనైనా దొరుకుతాయి.”

ఇరవై ఎనిమిదికి బేరం తెగింది. ఆయన దాన్ని పసిబిడ్డలా రెండు చేతులతో పట్టుకుని కారెక్కాడు.

ఆ గడియారం ఆగి అప్పటికి పదకొండేళ్ళు. తెనాలిలో ఒక ప్లీడరుగారి అటక మీద నుంచి దుకాణంలో నా జతగాడు పూర్ణచంద్రరావు రెండు రూపాయలకు తెచ్చాడు. ముళ్ళు తిప్పింది నేను. మొదట సరిగ్గా ఏడింటికి పెట్టాను. తీరా చూస్తే మా పక్క దుకాణాల వాళ్ళందరూ గడియారాలను ఏడింటికే ఆపి కూర్చున్నారు. పక్కవాడి పలక చూసి రాసిన బడిపిల్లల లెక్కల్లా ఉన్నాయి. అన్ని ఇళ్ళల్లోకీ సముద్రం ఒకే నిమిషానికి వస్తుందా? అందుకని నాది పది నిమిషాలు ముందుకు జరిపాను. అబద్ధమైనా ఒళ్ళు వంచి ఆడాలని నా పట్టింపు.

డెబ్భయ్యేడు కార్తికంలో ఉప్పెన వచ్చింది. పుష్యమాసం వచ్చేసరికి బాపట్ల నుంచి సూర్యలంక సముద్రానికి వెళ్ళే దారి ఇలా తయారైంది. ముందు బియ్యం లారీలు వచ్చాయి. వాటి వెనక ఆఫీసర్లు, ఆఫీసర్ల వెనక ఎలక్షన్ల జీపులు వచ్చాయి. ఆ తరవాత చూడ్డానికి జనం రావడం మొదలుపెట్టారు. ఆదివారమైతే స్పెషల్ బస్సులు వేసుకుని, పులిహోర పొట్లాలు కట్టుకుని వచ్చేవారు. ఇంతమందిని మింగిన సముద్రం ఎలా ఉంటుందో చూద్దామని. తీరా చూస్తే అది మామూలుగానే ఉండేది. వాళ్ళకు ఆశాభంగం. తిరపతి వెళ్ళినవాడి చేతిలో లడ్డు ఉన్నట్టు, ఉప్పెన చూసొచ్చినవాడి చేతిలో ఉప్పెనదేదో ఒకటి ఉండాలి కదా! అలా పుట్టింది ఆ సంత. మొదట్లో అమ్మినవి నిజమైనవే. ఇసకలో దొరికిన లాంతర్లు, తెడ్లు, చెంబులు, పటం ఊడిపోయిన ఫ్రేములు. రెండు వారాల్లో సరుకు అయిపోయింది. గిరాకీ అయిపోలేదు.

నా పేరు చెంచురామయ్య. తెనాలిలో గిన్నెల కొట్టు అరుగు మీద కూర్చుని పాత్రల మీద పేర్లు కొట్టడం నా పని. చిన్న సుత్తి, మొన ఉలి, ఒక చెక్కదిమ్మ. అంతే నా ఆస్తి. పెళ్ళికి బిందె కొన్నా, బారసాలకు గ్లాసు కొన్నా నా దగ్గరికే తెచ్చేవారు. చుక్క పక్కన చుక్క కొట్టుకుంటూ పోతే పేరు తేలేది. అక్షరానికి పది పైసలు. పేరు చివర మూడు చుక్కలతో చిన్న పువ్వు కొట్టేవాణ్ణి. దానికి డబ్బు లేదు, అది నా ముచ్చట. రేపల్లె నుంచి చీరాల దాకా ఏ ఇంటి వంటగదిలోకి వెళ్ళినా నా పువ్వు ఉంటుందని గొప్పలు చెప్పేవాణ్ణి. అందులో సగం అబద్ధం. సగం నిజం కావడమే తరవాత ప్రాణం మీదికి వచ్చింది.

ఆ శీతకాలం పెళ్ళిళ్ళు లేవు. సుత్తికి పని లేదు. అప్పుడు పాత సామాన్లు కొనే పూర్ణచంద్రరావు వచ్చాడు. వరసకు నాకు బావమరిది.

“బావా, పేరు లేని చెంబుకి పది ఇస్తన్నారు. పేరున్న చెంబుకి పాతిక. నీ సుత్తి ఊరికే ఉందిగా?” అన్నాడు.

“ఎవరి పేరురా?”

“ఎవరిదో ఒకరిది. పోయినోళ్ళ పేరులా ఉంటే చాలు.”

నిజం చెప్పొద్దూ, నాకు సరదా వేసింది. ఇన్నేళ్ళూ ఎవరో చెప్పిన పేరు కొట్టాను. ఇప్పుడు నా ఇష్టం! సముద్రం పక్క పల్లెల్లో వినపడే పేర్లన్నీ గుర్తు చేసుకుని కొట్టాను. శివయ్య, దానమ్మ, సింగరయ్య, పేరంటాలు. పూర్ణచంద్రరావు జాగ్రత్తపరుడు. “ఇంటిపేరు మాత్రం కొట్టకు బావా. ఎవరికో ఒకరికి తగిలిందంటే గొడవ” అన్నాడు. నిజమే అనుకున్నాను. ఇంటిపేరు లేని పేరు ఎవరికీ తగలదని అనుకున్నాం, ఇద్దరు మేధావులం.

పేరు కొట్టిన పాత్రను ఉప్పునీళ్ళలో నానేసి, మూడు రోజులు తడి ఇసకలో పూడ్చేవాళ్ళం. పచ్చగా చిలుం పట్టేది. అప్పుడు తీసి ఎదురుగా పెట్టుకుని, ఒక్కోదానికి ఒక్కో కథ కట్టేవాణ్ణి.

మా ఆవిడ శేషారత్నానికి కూడా ఒక కథ చెప్పాను. “ఉప్పెన బాధితులకు పాత్రలు పంచుతున్నారు. వాటి మీద దాతల పేర్లు కొట్టాలట” అన్నాను. ఆమె పొంగిపోయింది. తెల్లారుతూనే లేచి క్యారేజీ కట్టి, స్టేషన్ దాకా వచ్చి రైలెక్కించేది. “పుణ్యకార్యం. వాళ్ళ దగ్గర పది తీసుకోకు. అక్షరానికి అయిదు పైసలు చాలు” అని రోజూ చెప్పేది. నేను బుద్ధిగా తల ఊపేవాణ్ణి.

*

పుష్యమాసం ఆఖరి ఆదివారం. సంత నిండా జనం. నా ముందు ఒక పడుచు జంట కూర్చుంది. కుర్రాడి మెడలో కెమెరా వేలాడుతోంది. నేను ఇత్తడి బిందె కథలో మునిగి ఉన్నాను.

“దీన్ని బోర్లా పట్టుకుంటే తేలుద్ది బాబూ. అలా పట్టుకుని ఒక సంసారం మొత్తం రాత్రంతా నీళ్ళ మీద ఉంది. తెల్లారి చూస్తే బిందె ఉంది, మనుషులు లేరు. అదిగో, ఆ సరుగుడు తోటలో మూడో వరస చెట్ల కింద, మెడదాకా ఇసకలో కూరుకుపోయి దొరికింది. పేరు చూడండి. సింగరయ్య, పేరంటాలు.”

ఆ అమ్మాయి కళ్ళు నీళ్ళతో నిండాయి. కళ్ళు నిండాయంటే బేరం సగం తెగినట్టే. “నలభై అయిదుకి ఇస్తారా?” అంది.

అప్పుడు వచ్చింది ఒక ఆడమనిషి. ముప్పై లోపే ఉంటుంది. ఎవరో ఇచ్చిన పెద్ద పువ్వుల చీర, చేతి మీద మానుతున్న గాటు. దుకాణం దుకాణానికీ ఆగుతూ వస్తోంది. కొనేవాళ్ళు కంటితో చూస్తారు. ఈమె వేళ్ళతో చూస్తోంది. ప్రతి బిందె మెడ కిందా చెయ్యి పెట్టి నెమ్మదిగా తడిమి వదిలేస్తోంది. నా ముందుకొచ్చి, కూర్చోకుండానే వంగి, అదే బిందె మీద చెయ్యి వేసింది. వేళ్ళు పేరంతా నడిచి, చివర పువ్వు దగ్గర ఆగిపోయాయి.

“ఇది మాది” అంది.

నేను నవ్వబోయాను. నవ్వు ఆపుకుని అడిగాను.

“నీ పేరేంటమ్మా?”

“పేరంటాలు. నిజాంపట్నం అవతల పాలెం మాది. నాకు సదువు రాదన్నా. కానీ ఈ బిందె పదేళ్ళు నడుం మీద మోశాను. ఈ సుక్కలు నా చేతి ఏళ్ళకి తెలుసు. చివర ఇదిగో, పువ్వు.”

“మీ ఆయన...”

“సింగరయ్య.”

ఆ బిందెను ఎనిమిది రోజుల కిందట తెనాలి పాతసామాన్ల గుట్టలోంచి తీసింది నేను. ఆ పేరు కొట్టింది నేను. ఈ తీరంలో వీధికో సింగరయ్య, వీధికో పేరంటాలు. ఆ ఇద్దరికీ ఎక్కడో ఒకచోట పెళ్ళి జరగదా? ఆ మాత్రం ఆలోచన రాలేదు నాకు. వాళ్ళ అసలు బిందె మీద పేరు కొట్టింది కూడా నేనే కావచ్చునన్నది ఆ తరవాత తట్టింది. ఆమె వేళ్ళు గుర్తుపట్టింది బిందెను కాదు, నా చేతిని.

కెమెరా కుర్రాడు లేచి నిలబడ్డాడు. అతని మొహం వెలిగిపోతోంది. “అమ్మా, ఆ బిందెను కాస్త ఒళ్ళో పెట్టుకో. ఇటు చూడు” అన్నాడు. క్లిక్‌మంది. అయిదు రూపాయల నోటు ఆమె వైపు చాపాడు. ఆమె చేతులు బిందె మీద నుంచి లేవలేదు. నోటు ఇసకలో పడింది. వాళ్ళు ఇంకేమీ అడగకుండా, కొనకుండా, ఎంతో దొరికినవాళ్ళలాగా వెళ్ళిపోయారు.

“ఎంతన్నా?” అంది పేరంటాలు.

“ఊరికే తీసుకెళ్ళమ్మా.”

“ఊరికే వద్దు. దొరకబుచ్చినోడికి కూలి ఇయ్యాల. ఎంతో చెప్పు.”

దేవుడి సాక్షిగా ఊరికే ఇద్దామనే ఉంది. కానీ ఎంత అని అడిగితే జవాబు చెప్పడానికి ఇరవై ఏళ్ళుగా అలవాటు పడిన నాలుక ఇది. “నలభై” అంది.

“నలభయ్యా! పెళ్ళికి కొత్తదే ముప్ఫై రెండు పెట్టి కొన్నాడు మా నాయన. పదిస్తా.”

“పదిహేను.”

ఈ మాట కూడా అన్నాను. పూర్ణచంద్రరావు పక్కనే నిలబడి చూస్తున్నాడు మరి. పదకొండున్నరకు తెగింది. చీర కొంగు ముడి విప్పి చిల్లర మొత్తం నా చేతిలో పోసింది. బిందెను నడుం మీదికి ఎత్తుకుంది. ఎత్తుకున్నాక అడిగింది.

“ఎక్కడ దొరికిందన్నా?”

ఇక్కడైనా నోరు మూసుకోవలసింది. కానీ కథ నోటి చివరనే ఉంది. “సరుగుడు తోటలో. మూడో వరస” అన్నాను.

“అయితే వాళ్ళూ అక్కడే ఉంటారు” అంది పేరంటాలు.

“ఎవరు?”

“నీళ్ళొచ్చేప్పుడు ఈ బిందె మెడకి తాడేసి పిల్లలిద్దర్నీ కట్టాడు మా ఆయన. చంటోణ్ణి భుజానేసుకున్నాడు. నన్ను తాడిసెట్టు ఎక్కమన్నాడు. ఎక్కా. దిగేసరికి రేపల్లె ఆసుపత్రిలో ఉన్నా.” ఆమె తోట వైపు చూసింది. “ముడి గట్టిదన్నా. వల ముడి. ఊడదు. బిందె అక్కడుంటే వాళ్ళూ అక్కడే.”

నేను గిరాకీ కోసం అల్లిన అబద్ధాన్ని ఆ రాత్రి నిజంగానే ఒకడు చేశాడు.

*

ఆమె తవ్వడం మొదలుపెట్టింది. గునపం లేదు, పార లేదు. సగం కొబ్బరిచిప్ప, రెండు చేతులు. ఉప్పెనకు ఒక పక్కకు ఒరిగిపోయిన సరుగుడు చెట్ల మధ్య మూడో వరసలో ఈ చివర నుంచి ఆ చివరకు గొయ్యి పక్కన గొయ్యి. బిందె పక్కనే చెట్టుకు ఆనించి ఉండేది.

మూడు రోజులు ఆ వైపు చూడకుండా తిరిగాను. నాలుగో రోజు వెళ్ళి, “అమ్మా, ఇక్కడ కాదేమో. మానెయ్యి” అన్నాను.

“నాలుగో వరసంటావా?” అంది.

మర్నాటి నుంచి నాలుగో వరస కూడా తవ్వింది. నేను నోరు తెరిస్తే ఆమెకు పని పెరుగుతోంది. ఇక తెరవలేదు.

రెండో ఆదివారానికి పూర్ణచంద్రరావు వేళ్ళు విరుచుకుంటూ వచ్చాడు. “బావా, మన పంట పండింది! జనం బస్సు దిగి ముందు తోటలోకి పోతన్నారు. ఆమెను చూస్తన్నారు. చూసినోళ్ళు తిన్నగా మన దగ్గరకొస్తన్నారు. ఇయ్యాళ పొద్దుటికే ఏడు చెంబులు పోయినాయి. బేరం కూడా ఆడట్లేదు!”

వాడి మొహం చూశాను. చెడ్డవాడు కాదు. ఇంట్లో జబ్బు చేసిన తల్లి, నలుగురు పిల్లలు. పండగ ముందు గిరాకీ చూసిన బట్టల కొట్టువాడి సంబరం అది. నా మొహం కూడా నెల కిందట అలాగే ఉండి ఉంటుంది.

క్యారేజీ తెరవకుండానే ఇంటికి తీసుకెళ్ళాను. వారంలో అది మూడోసారి.

“ఏంటయ్యా, దాతలు భోజనం కూడా పెడుతున్నారా?” అంది శేషారత్నం.

“ఆఁ.”

“ఏం పెట్టారు?”

“పులిహోర” అన్నాను. అబద్ధానికి రుచి కూడా చూపించగలవాణ్ణి. ఆమె నా వంక చూసి, గిన్నె మూత పెట్టింది.

“మాఘ పౌర్ణమికి సముద్రస్నానానికి నేనూ వస్తా. ఆ దాతల్ని నేనూ చూడాల” అంది.

వద్దంటే ఎందుకంటుంది. రమ్మన్నాను.

*

మాఘ పౌర్ణమి నాడు సూర్యలంకలో ఇసక కనపడలేదు. అంతమంది జనం. ఒక పక్క మునకలు, ఒక పక్క ఎలక్షన్ మైకులు. శేషారత్నం స్నానం చేసి, తడి జుట్టు ముడి వేసుకుని, పసుపు మొహంతో మా దుకాణం ముందుకొచ్చి నిలబడింది. అయిదో తరగతి దాకా చదువుకున్న మనిషి. ఒక చెంబు ఎత్తింది. మెడ మీద పేరు చదివింది. కింద పెట్టింది. ఇంకోటి ఎత్తింది.

“శివయ్య. దానమ్మ. సింగరయ్య.” ఆమె వేలు పువ్వు మీద ఆగింది. మా ఇంట్లో ఉగ్గుగిన్నె దగ్గర నుంచి అన్నం గిన్నె దాకా ఉన్న పువ్వు. “ఇంతమంది దాతలా?”

అంతలో పక్కన నిలబడ్డ బట్టతల ఆసామి ఒక గ్లాసు ఎత్తి చూపించాడు. “ఏమయ్యా, ఇది నిజంగా చచ్చిపోయినవాళ్ళదేనా? మొన్న కొన్నది డూప్లికేట్ అంటున్నారు మావాళ్ళు.”

పూర్ణచంద్రరావు నా వంక చూశాడు. కథ చెప్పమన్నట్టు. శేషారత్నం కూడా నా వంక చూసింది.

ఆసామి చేతిలోంచి గ్లాసు తీసుకుని, బేరం లేదన్నట్టు వెనక్కి పెట్టేశాను. జీవితంలో మొదటిసారి.

ఆమె అరవలేదు. నలుగురిలో పరువు తియ్యలేదు. వంగి, సుత్తీ ఉలీ ఉన్న నా గుడ్డసంచీ తీసి నా చేతిలో పెట్టింది.

“తోటలో ఎవరో ఆడమనిషి తవ్వుతోందని జనం చెప్పుకుంటున్నారు. పద” అంది.

తోటలో పది పదిహేను మంది నిలబడి చూస్తున్నారు. పేరంటాలు అయిదో వరసలో ఉంది. మోకాళ్ళ లోతు గొయ్యి. గోళ్ళు అరిగిపోయి, వేళ్ళ చివర్లు ఇసక రంగుకు తిరిగాయి. శేషారత్నం జనం వైపు తిరిగి, “వెళ్ళండి! ఇక్కడ పంచిపెట్టేదేం లేదు” అంది. మా ఆవిడ అంత గట్టిగా అరవగలదని నాకూ తెలియదు. వెళ్ళారు.

గొయ్యి ఒడ్డున కూర్చున్నాను.

“పేరంటాలూ, ఆ బిందె మీది కాదమ్మా. నేను తెనాలి నుంచి తెచ్చాను. పేరు నేనే కొట్టాను. తోటలో దొరకలేదు. మూడో వరస అన్నది నా కల్పన.”

ఆమె తవ్వుతూనే ఉంది. తరవాత తలెత్తి నవ్వింది. అలసిపోయిన నవ్వు.

“నువ్వు మంచోడివన్నా. నేను తవ్వలేకపోతన్నానని చూళ్ళేక చెప్తన్నావు. అబద్ధం ఆడేటోడి మొహం నాకు తెలుసులే.”

అబద్ధాలన్నీ నమ్మారు జనం. ఆడక ఆడక ఒక్క నిజం ఆడితే ఇలా అయింది.

శేషారత్నం సంచీ విప్పి, సుత్తీ ఉలీ నా ముందు పెట్టింది. బిందెను చెట్టు దగ్గర నుంచి తెచ్చి నా ఒళ్ళో అడ్డంగా పడుకోబెట్టింది. పేరు లేని వైపు పైకి తిప్పింది.

కొట్టాను. సిం. గ. ర. య్య. ఒక్కో చుక్కకూ బిందె గంటలా మోగింది. ఆ మోత తోటంతా తిరిగి వచ్చింది. రెండో అక్షరానికి ఆమె చేతిలో కొబ్బరిచిప్ప ఆగింది. పేరంటాలు అని కూడా కొట్టి, పువ్వు పెట్టి, బిందెను ఆమె ముందుకు జరిపాను.

ఆమె గొయ్యిలో నుంచే చెయ్యి చాపింది. వేళ్ళు ఈ పేరంతా నడిచాయి. పువ్వు దగ్గర ఆగాయి. బిందెను తిప్పి ఆ పేరు తడిమింది. మళ్ళీ ఇటు తిప్పింది. మళ్ళీ అటు.

నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండును. గొయ్యి అంచు నుంచి ఇసక కొంచెం కొంచెంగా లోపలికి జారుతోంది. ఆమె అదే చూస్తూ కూర్చుంది. దూరంగా మైకులో ఎవరో ఓటు అడుగుతున్నారు.

“మా పెళ్ళి బిందె కూడా నువ్వే కొట్టావా?” అంది.

“తెనాలిలో కొన్నారా?”

“మా నాయన తెనాల్లోనే కొన్నాడు.”

“అయితే నేనే.”

“ఇందాక కొట్టినట్టే కొట్టావా? మోగిందా?”

“అన్నీ మోగుతాయమ్మా.”

ఆమె తల ఊపింది. శేషారత్నం చెయ్యి అందిస్తే పట్టుకుని గొయ్యిలోంచి పైకి వచ్చింది. నా ఎదురుగా చతికిలబడింది. నేను సంచీలోంచి పదకొండున్నర తీసి ముందు పెట్టాను. మూడు వారాలుగా విడిగా ముడివేసి ఉంచిన చిల్లర. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

“అది బిందె ఖరీదు. బిందె ఉందిగా. మాది కాదంటివి. అయితే మాది చేసియ్యి.”

“ఎలా?”

“మా పిల్లల పేర్లు కొట్టు. అక్షరానికెంత?”

“డబ్బులొద్దు తల్లీ.”

“నీ ఊరికే నాకొద్దు. నువ్వు ఊరికే చెప్పిన మాటకేగా ఇన్ని రోజులు తవ్వా! ఎంతో చెప్పు.”

“పది పైసలు” అంది శేషారత్నం నా బదులు.

“పదే! ఆరు చేసుకో వదినా.”

“ఎనిమిది.”

“ఆరున్నర. అంతే. తొందరగా కొట్టమను, మళ్ళీ బస్సు పోద్ది.”

ఇద్దరు ఆడవాళ్ళూ ఆ ఇసకలో కూర్చుని కూరగాయల సంతలో ఆడినట్టు బేరం ఆడారు. నేను తల ఎత్తలేదు. ఆరున్నరకు తెగింది.

“పెద్దది కోటిరత్నం. ఏడేళ్ళు.”

కొట్టాను.

“దాని తరవాతోడు మస్తాన్‌రావు. నాలుగు.”

కొట్టాను.

“చంటోడు” అని ఆగింది. “ఆడికింకా పెట్టలా. పందొమ్మిది రోజులోడు. ఎల్లుండి బారసాల అనగా వచ్చింది నీళ్ళు.”

ఉలి బిందె మీద ఆనించి కూర్చున్నాను. ఆ సీజనులో నేను వంద పేర్లు పుట్టించాను. మనిషి లేని పేర్లు. ఇక్కడ పేరు లేని మనిషి ఒకడు ఉంటే నాకు ఒక్కటీ తోచలేదు. శేషారత్నం వంక చూశాను. ఆమె పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని సముద్రం వైపు తిరిగి ఉంది.

వాడి అన్న పేరు పక్కన ఒక్క చుక్క కొట్టాను. అంతే. పువ్వు పెట్టలేదు.

పేరంటాలు వేలితో తడిమింది. కోటిరత్నం, మస్తాన్‌రావు, ఆ తరవాత చుక్క. దాని మీద వేలు అలాగే ఉంచి, “దీనికెంత?” అంది.

“అక్షరాలకే డబ్బులమ్మా. చుక్క ఊరికే.”

ఈ ఊరికేను మాత్రం ఆమె కాదనలేదు. నేను ముందు పెట్టిన చిల్లరలోంచి అక్షరాల డబ్బు వరకు తీసి నా చేతిలో పెట్టింది. మిగతాది “తవ్విన కూలి” అని కొంగున ముడివేసుకుంది. బిందె నడుం మీదికి ఎత్తుకుని, తవ్విన గోతుల మధ్య నుంచి అడుగులు చూసుకుంటూ బస్సు వైపు వెళ్ళిపోయింది.

సాయంత్రం రైలుకి తెనాలి వచ్చాం. ఇంటికి వెళ్ళాక శేషారత్నం నా కంచం బోర్లించి అటక మీద పెట్టింది. అడ్డాకులో అన్నం వడ్డించింది. మర్నాడూ ఆకే. నెల తరవాతా ఆకే. “పేరున్న కంచం నీకెందుకయ్యా?” అని ఒక్కసారి అంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. వేసవి దాటి, తొలకరి పడ్డాక ఒకరోజు కంచం నా ముందుకొచ్చింది. చూస్తే నా పేరు ఉంది. చివర పువ్వు లేదు. ఇటుకపొడి పెట్టి తోమి తోమి అరగదీసింది. ఇంట్లో ఒక్క గిన్నె మీద కూడా ఉంచలేదు.

ఇప్పుడు కరెంటు సూది పెట్టి గీకేస్తున్నారు పేర్లు. మా వైపు పాత ఇత్తడి బిందె దేని మీదైనా, పేరు చివర పువ్వు బదులు ఒక్క చుక్క కనపడితే అది ఆ ఉప్పెన తరవాత నేను కొట్టినది. ఆ చుక్క ఎందుకని అడిగినవాళ్ళకు ఒక్కొక్కరికి ఒక్కో కథ చెప్పాను. దిష్టి చుక్క అన్నాను. లెక్క కోసమన్నాను. ఉలి జారిందన్నాను. అందరూ నమ్మారు.

చుక్కకి మాత్రం ఎవరి దగ్గరా డబ్బు తీసుకోలేదు.